మిరపకాయ స్వస్థలం

నల్లరేగడిపాలెం జూనియర్ కాలేజీలో మా ఎమ్మెల్యే వీరాంజనేయులుగారు 'స్థానిక చరిత్ర స్కాలర్‌షిప్' ప్రకటించిన రోజు ఎండ మాడ్చేస్తోంది. అయినా చరిత్ర మీద గౌరవంతో జనమంతా షామియానా కిందే కూర్చున్నారు.

"చరిత్ర తెలియని జాతి చరిత్రలో కలిసిపోద్ది" అన్నారాయన. అర్థం కాకపోయేసరికి అందరూ మరింత గట్టిగా చప్పట్లు కొట్టారు.

ఇంటర్ పాసైనవాళ్లలో మన ప్రాంతపు చరిత్ర మీద ఎవరు మంచి వ్యాసం రాస్తే వారి డిగ్రీ చదువు ఖర్చంతా ఎమ్మెల్యేగారిదే. ఒక దినపత్రికకు మా మండలం వార్తలు పంపేవాణ్ణి కాబట్టి ఈ మహత్కార్యాన్ని ముందు వరుసలో కూర్చుని చూసే భాగ్యం నాకు దక్కింది.

వ్యాసాలు బాగానే వచ్చాయి. దాదాపు అందరూ ఎమ్మెల్యేగారి జీవిత చరిత్రే రాశారు. రాయనిది హారిక ఒక్కతే.

హారిక మిర్చి రైతు కోటేష్ కూతురు. గుంటూరులో బీఏ హిస్టరీ చదవాలని ఆ పిల్ల పట్టుదల. "ఈ ఏడు మిర్చి రేటు చూస్తన్నావుగా. స్కాలర్‌షిప్ వస్తే గుంటూరు, రాకపోతే కోతలకు" అని కోటేష్ ముందే చెప్పేశాడు. అందుకని ఆమె ఒళ్లు దాచుకోకుండా లైబ్రరీల చుట్టూ తిరిగి, మన మిరపకాయ ఎక్కడి నుంచి వచ్చిందో రాసింది. న్యాయనిర్ణేతగా ఉన్న హిస్టరీ లెక్చరర్ లక్ష్మీనరసింహంగారు, రాబోయేది ఊహించలేక, దానికే మొదటి స్థానం ఇచ్చారు.

బహుమతి సభలో ఆ వ్యాసాన్ని మైకులో చదివించారు.

"మిరపకాయ మన దేశపు పంట కాదు" అని మొదలుపెట్టింది హారిక. "అది మెక్సికో వైపు పుట్టింది. పోర్చుగీసు ఓడల్లో సముద్రాలు దాటి ఇక్కడికి వచ్చింది."

"ఆగమ్మాయ్" అంటూ శ్రీకృష్ణగారు లేచారు. ఆయన పార్టీ మండల అధ్యక్షుడు, మిర్చి యార్డులో కమీషన్ ఏజెంటు కూడా. "మన మిర్చి బయటి నుంచి వచ్చిందంటావా?"

"అవునండి."

"మరి అంతకుముందు మన పెద్దోళ్లు గోంగూర పచ్చడి ఎట్టా నూరుకున్నారు?"

"మిరియాలేసి అండి. మిరపకాయ అన్న పేరు కూడా మిరియం నుంచే వచ్చిందంటారు."

శ్రీకృష్ణగారు గుండె పట్టుకుని కూర్చుండిపోయారు. పక్కనున్నవాళ్లు మంచినీళ్లు పట్టారు.

మర్నాడు మండలం బంద్. ప్రతిపక్షం వాళ్లు 'మిరప ఆత్మగౌరవ దీక్ష' మొదలుపెట్టి, నిరసనగా పొద్దస్తమానం ఉత్త పెరుగన్నం తిన్నారు. పెరుగన్నంలోకి ఊరమిరపకాయ నంజుకోవచ్చా, కూడదా అన్న దగ్గర వాళ్లలో వాళ్లకే చీలిక వచ్చింది.

ఎమ్మెల్యేగారు కోటేష్‌నీ హారికనీ ఇంటికి పిలిపించారు. వార్త కోసం నేనూ వెళ్లాను.

"నీ మీద నాకేం కోపం లేదమ్మా" అన్నారాయన, ఎంతో పెద్దమనసుతో. "ఒక్క ముక్క మార్చు. మిర్చి ఇక్కడి నుంచి మెక్సికో వెళ్లిందని రాయి. అవే ఓడలు, అదే సముద్రం. దిక్కొకటే మారుద్ది."

హారిక తండ్రి వైపు చూసింది. కోటేష్ తన చెప్పుల వైపు చూసుకున్నాడు.

"ఓడలు అటు నుంచే వచ్చాయండి" అంది హారిక.

"ఆలోచించుకో. నీ చదువు సంగతి."

"ఆలోచించే రాశానండి."

గేటు దాటాక కోటేష్ అడిగాడు: "ఏమే, అంత మొండితనం దేనికి?"

"నిజమే కదా నాన్నా."

"నిజమే. కాదన్నానా. రేపటి నుంచి కోతలకు రా."

తలకు గుడ్డ చుట్టుకుని ఆ పిల్ల పొలంలో దిగింది.

ఎమ్మెల్యేగారు మాత్రం చరిత్రను అలా వదిలేసే మనిషి కాదు. శ్రీకృష్ణగారి అధ్యక్షతన 'మిరప మూలాల అన్వేషణ కమిటీ' వేశారు. కమిటీ తవ్వకాలు జరిపింది. రేపు 'మిరప జన్మస్థలం' అని ఆర్చి కట్టడానికి అనువుగా, హైవే పక్కనున్న ఎమ్మెల్యేగారి సొంత పొలంలోనే జరిపింది. పలుగు దిగీ దిగకముందే మిరపకాయ దొరికింది. పచ్చిగా, తొడిమతో సహా ఉంది.

"దీని వయసెంతో చెప్పండి మేష్టారూ" అని లక్ష్మీనరసింహంగారి చేతిలో పెట్టారు.

ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. "పొద్దున కోసి ఉంటారండి."

"శతాబ్దాల్లో చెప్పండి."

మేష్టారికి అప్పటికే ట్రాన్స్‌ఫర్ భయం ఉంది. "చాలా శతాబ్దాల కిందట, పొద్దున" అన్నారు. కమిటీ ఆ అభిప్రాయాన్ని ఏకగ్రీవంగా ఆమోదించింది. ఇన్నేళ్లయినా కాయ వాడిపోకపోవడం మన నల్లరేగడి మహిమ అని నేనే వార్త రాశాను.

మిరపకాయ నల్లరేగడిపాలెంలోనే పుట్టిందని తేలిపోయింది. ఆ ఏటి ఉత్తమ స్థానిక చరిత్ర రచనగా కమిటీ నివేదికనే ఎంపిక చేశారు. దాంతో స్కాలర్‌షిప్ కమిటీకి వచ్చింది. చరిత్ర కోసం తీసిన డబ్బు చరిత్రకే ఖర్చు కావాలన్నది ఎమ్మెల్యేగారి నియమం. అందుకని మన మిరపకాయ ఏ దారిన మెక్సికో వెళ్లిందో స్వయంగా చూడటానికి ఆయనా, శ్రీకృష్ణగారూ సకుటుంబంగా విమానమెక్కారు. మేష్టారు పొలంలో కొత్తగా లేచిన ఆర్చికి కాపలాగా ఉండిపోయారు.

తిరిగి వచ్చిన నాయకులకు కాలేజీలోనే సన్మానం జరిగింది. ఎమ్మెల్యేగారు అక్కడి పెద్ద టోపీ పెట్టుకుని వచ్చారు. దండలు ఆ టోపీ దాటి మెడలోకి దిగక, చేతులకే వేయాల్సి వచ్చింది.

కోతల నుంచి కోటేష్, హారిక నేరుగా వచ్చి వెనక నిలబడ్డారు. ఉపన్యాసం అయ్యాక హారిక చెయ్యెత్తింది. ఘాటుకు ఆ చెయ్యి ఎర్రగా కందిపోయి ఉంది.

"సార్, మిరపకాయ ఎక్కడ పుట్టిందని చెప్పారండీ అక్కడివాళ్లు?"

శ్రీకృష్ణగారు ముందుజాగ్రత్తగా గుండె మీద చెయ్యేసుకున్నారు.

ఎమ్మెల్యేగారు జాలిగా నవ్వారు. "తమ దగ్గరే పుట్టిందంటన్నారమ్మా. పాపం, వాళ్లకసలు చరిత్ర తెలియదు. నా మనసు ఊరుకోలేదు. అక్కడి పిల్లలకు ఒక స్కాలర్‌షిప్ ప్రకటించి వచ్చాను."

చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను.

చప్పట్లు ఆగేదాకా కోటేష్ ఓపిక పట్టాడు. తర్వాత తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని రెండడుగులు ముందుకు వచ్చాడు.

"దానికి మా అమ్మాయి పెట్టుకోవచ్చాండీ?"

ఎమ్మెల్యేగారు నిజంగానే బాధపడ్డారు.

"కుదరదయ్యా కోటేషూ" అన్నారు. "అది లోకల్ వాళ్లకే."