బాగుపడితే మీదే బాధ్యత!

ఈ దేశంలో సుఖంగా బతకాలంటే ఒకటే మార్గం. ముందు ప్రాణం మీదికి తెచ్చుకోండి!

నవ్వకండి. పిట్స్‌బర్గ్ బడిపిల్లలకు వండిపెట్టి రిటైరైనదాన్ని, ఉత్తినే కబుర్లు చెప్పను. నాకు ఓ మోస్తరు బీపీ, ఓ మోస్తరు గుండెజబ్బు ఉన్నంతకాలం నన్ను పట్టించుకున్న నాథుడు లేడు. క్లినిక్కుకు ఫోన్ చేస్తే ఒక పాట వేసేవారు. పాట నాకు కంఠతా వచ్చేసరికి లైను కట్టయ్యేది.

తర్వాత గుండె బాగా మొరాయించింది. ఆ చలికాలమంతా అంబులెన్సు ఎక్కీ దిగీ, డ్రైవరుతో చుట్టరికం కలిసింది. అప్పుడు క్లినిక్కువాళ్లు నన్ను ‘హై రిస్క్’ పేషెంటుగా ప్రకటించారు. అబ్బ, ఏం మర్యాదలు!

డాక్టరొక్కడే కాదు, పెద్ద టీమ్! మాత్రలు సరిచూడ్డానికి ఫార్మసిస్టు. మెట్లకు కమ్మీ పెట్టించడానికి సోషల్ వర్కరు. నా దిగులు వినడానికి ప్రత్యేకంగా ఇంకొకావిడ! మా ఆయన బతికుండగా కూడా ఆ పదవి ఖాళీగానే ఉండేది.

అందరికీ పైన నర్సు లొరెయిన్. మంగళవారం వస్తే చాలు, బూట్ల మంచు దులుపుకుని నేరుగా ఫ్రిజ్ తలుపు తీస్తుంది.

“ఇంత ఉప్పున్న ఈ మాంసం సాసేజ్ ఎవరిదమ్మా?”

“పక్కింటి చెస్టర్‌ది.”

“ఆయన సాసేజ్ మీ ఫ్రిజ్‌లో కాపురం పెట్టిందా?”

చెస్టర్‌కు నన్ను చూస్తే ఒకటే కుళ్లు. అతనికి షుగరుంది, కాలి మీద పుండూ ఉంది. కానీ పాపం, ఇంకా అంత ముదరలేదు. “నీ పని బాగుందే బెర్నడీన్! నన్ను రెండు నెలలు ఆగి రమ్మన్నారు” అని వాపోయాడు.

“ఓపిక పట్టవయ్యా, నీకూ మంచిరోజులొస్తాయి” అన్నాను.

ఇంతలో నేనో తెలివితక్కువ పని చేశాను. లొరెయిన్ మాట విన్నాను! ఉప్పు మానాను, రోజూ బరువు చూసుకున్నాను, కాళ్ల వాపు దిగింది.

పోయిన మంగళవారం టీమంతా దిగింది. నెత్తిన పట్టభద్రుల టోపీ పెట్టి, సర్టిఫికెట్ చేతికిచ్చి చప్పట్లు కొట్టారు. “మీరు గ్రాడ్యుయేటయ్యారమ్మా! ఇక మేం రానక్కర్లేదు” అంది లొరెయిన్. ఆమె కళ్లలోనూ నీళ్లే.

ఎలా బాగుపడ్డానో ఒక్కరూ అడగరేం? మాత్రలు ముందూ ఉన్నాయి. ఉప్పు మానమని ముందూ చెప్పారు. ముందు లేనిదల్లా మంగళవారం తలుపు తట్టే మనిషే. మందు పనిచేస్తోంది కాబట్టి మందు ఆపేస్తారా?

నిన్న చెస్టర్ ఆసుపత్రి నుంచి ఫోన్ చేశాడు. ఆ రెండు నెలలూ పుండు ఆగలేదు. కాలి వేళ్లు తీసేశారట.

“మంచిరోజులొచ్చాయి బెర్నడీన్! నాకూ నీ లొరెయిన్ టీమే ఇచ్చారు” అన్నాడు నీరసంగా నవ్వుతూ.

నాకు నవ్వు రాలేదు. ఆ తలుపేదో వేళ్లున్నప్పుడే తట్టొచ్చు కదా!

సరే, అతను ఇల్లు చేరాక మొదటి మంగళవారం ఆ సాసేజ్ తీసుకెళ్లి అతని ఫ్రిజ్‌లో పెట్టి, నేనూ అక్కడే కూర్చుంటాను. లొరెయిన్ వచ్చి తలుపు తీసి, ఎవరిదని అడగాలిగా!