గేటు ఇచ్చిన మాట

మార్గిలాన్ పట్టణంలోని పట్టునేతగాళ్ల వీధి వారికి తెలియజేయడమేమనగా, టైల్స్ వ్యాపారి ఖుద్రత్ ఇల్లు ఇకమీదట పూర్తి భద్రతలో ఉంది. ఆ ఇంట్లో ఎన్నడూ దొంగతనం జరగలేదు. ఆ మాటకొస్తే మా వీధిలోనే జరగలేదు. దొంగలున్న చోట కెమెరాలు ఎవరైనా పెడతారు. లేని చోట పెట్టడానికే దూరదృష్టి కావాలి.

గేటుకు నాలుగు కెమెరాలు బిగించారు. వాటిని నడిపే సాఫ్ట్‌వేర్ అతిథుల గదిలో, పరుపుల దొంతర పక్కన కంప్యూటర్లో ఉంటుంది. దాన్ని ఎక్కించినవాడు ఇల్హోమ్ అనే నిపుణుడు. ఏది కదిలినా అది ఖుద్రత్ ఫోనుకు కబురు పంపుతుంది. మొదటి వారం పిల్లి గురించి పంపింది. పెరట్లో తందూరు పొగ లేస్తే అగ్నిప్రమాదమని పంపింది. బేరం మధ్యలో వదిలేసి ఖుద్రత్ బజారు నుంచి పరుగెత్తుకొచ్చేవాడు, వేడి రొట్టె తిని వెళ్లేవాడు. అప్రమత్తత అంటే అదీ.

ఈ సాఫ్ట్‌వేర్‌కు ముఖాలు నేర్పాలి. మనుషుల్ని అది మూడు తరగతులు చేస్తుంది: ఇంటివారు, ఎరిగినవారు, అపరిచితులు. సంగతి తెలిసి వీధంతా ముఖాలు కడుక్కుని వచ్చింది. పక్కింటి సలోమత్ పేరు ఖుద్రత్ ‘ఎరిగినవారు’లో వేశాడు.

“నీ కొడుక్కి బొడ్డు కోసింది నేను. ఇప్పుడు ఎరిగినదాన్నయ్యానా?” అందామె.

ఖుద్రత్ మార్చాడు. ఆమెను మార్చాక ఆమె ఆడపడుచును మార్చక తప్పలేదు. వారం తిరిగేసరికి వీధి మొత్తం ‘ఇంటివారు’ అయిపోయింది. ‘ఎరిగినవారు’ తరగతి ఖాళీ. మిగతా ప్రపంచం అపరిచితులు. మా ఆచారాన్ని ఒక యంత్రం ఇంత త్వరగా పట్టేస్తుందని ఎవరూ అనుకోలేదు.

ఆ అపరిచితుల్లో మొదట వచ్చినవాడు నార్మత్ ఓతా. ఓతా అని మేం తండ్రిలాంటి పెద్దవాళ్లను పిలుస్తాం. ఆయనది కుమ్మరుల ఊరు రిష్తాన్. ఆయన మనవరాలు మునిసను ఖుద్రత్ తన కొడుకు జాసుర్‌కు అడిగాడు. ఇష్టమైతే పిల్ల తరఫు పెద్ద వచ్చి రొట్టె విరుస్తాడు. విరిగిందా, పెళ్లి ఖాయం. ఆ రొట్టె కోసం ఎదురుచూస్తూ జాసుర్ మామూలు రొట్టె తినడం తగ్గించాడు.

ఓతా రొట్టెల మూట చంకలో పెట్టుకుని గేటు ముందు నిలబడి, “అస్సలాము అలైకుమ్” అన్నాడు.

“మీరు అపరిచితులు. మీ ముఖం నమోదవుతోంది,” అంది గేటు ఆడగొంతుతో.

ఆయన మళ్లీ సలాం చెప్పాడు. గేటు మళ్లీ అదే చెప్పింది. చెవుడేమోనని ఈసారి గట్టిగా చెప్పాడు. బజారులో ఖుద్రత్ ఫోను మోగుతూనే ఉంది. రొట్టె కాలిందనుకుని అతను తీయలేదు. ఓతా విరగని రొట్టెతో బస్సెక్కి వెళ్లిపోయాడు.

వీధి పెద్దలు అత్యవసరంగా సమావేశమయ్యారు. మా వీధి పెద్దను అక్సకాల్ అంటాం. ఆయన అధ్యక్షత వహించాడు.

“సలాంకు బదులివ్వని ఇంట్లో పిల్లనెవరిస్తారు?” అన్నాడు అక్సకాల్.

“అది యంత్రం, ఓతా. దానికేం తెలుసు?” అన్నాడు ఖుద్రత్.

“మొహం మీదే అపరిచితుడివి అనడానికి నోరుందిగా. ఆ నోటితోనే సలాం చెప్పమను.”

తీర్మానం ఏకగ్రీవంగా ఆమోదం పొందింది. ఇల్హోమ్‌ను పిలిపించి గేటుకు బదులు చెప్పడం నేర్పించారు. అక్సకాల్ స్వయంగా తనిఖీ చేశాడు.

“అంతేనా? ఒంట్లో ఎలా ఉందనదా? పిల్లలు, కోడళ్లు, ఆవు?”

“ఆవు కూడానా?” అన్నాడు ఇల్హోమ్.

“మా ఆవు ఈనింది. నీకు తెలీదూ?”

ఇల్హోమ్ ఆవును కూడా చేర్చాడు. “ఆ తర్వాత వాళ్లేమైనా అడిగితే ఏమనాలి?”

“పెద్దవాళ్లు ఏమన్నా ఖోప్ అనాలి. దానికి అంతకన్నా చదువెందుకు?”

ఖోప్ అంటే సరే, అలాగే, మీ మాటే మా మాట. మా పిల్లలకు మొదట నేర్పే మాట అది. వాళ్లు మొదట మరిచిపోయేదీ అదే.

అక్సకాల్ రిష్తాన్ వెళ్లి బతిమాలాడు. శుక్రవారం వస్తానని ఓతా మాటిచ్చి, గురువారమే వచ్చాడు. మర్యాద ఉందో లేదో చూసేవాడు చెప్పిన రోజున రాడు కదా. ఖుద్రత్ కుటుంబం శుక్రవారం విందుకు మాంసం, బియ్యం తేవడానికి బజారు వెళ్లింది. తర్వాత జరిగింది మేమంతా కంప్యూటర్లో చూశాం.

“అస్సలాము అలైకుమ్.”

“వ అలైకుమ్ అస్సలాం. దయచేయండి ఓతా. ఒంట్లో కులాసానా? పిల్లలు, కోడళ్లు బాగున్నారా? ఆవు ఈనిందా?”

“ఆవు లేదమ్మా, మేకే ఉంది. నువ్వు ఈ ఇంటి పెద్దకోడలివా?”

“ఖోప్, ఓతా.”

“నీ మాట వింటే కడుపు నిండింది. రేపు పెళ్లయ్యాక కొత్తకోడలిగా మా మునిస వచ్చి ఈ గేటు ముందు ఊడుస్తుంది. పైనుంచి ఇన్ని కళ్లు చూస్తుంటే పిల్ల చీపురు ఎలా పడుతుంది? వీటిని తీయించెయ్యి తల్లీ.”

“ఖోప్, ఓతా.”

“మీ మామ కాదనడుగా?”

“ఖోప్, ఓతా.”

ఓతా అక్కడే నిలబడి రొట్టె విరిచి, సగం గేటు దిమ్మె మీద పెట్టి వెళ్లిపోయాడు.

“నేను మాటివ్వలేదు. నా పెద్దకోడలూ ఇవ్వలేదు. అసలు నాకు కోడలే లేదు,” అన్నాడు ఖుద్రత్.

“రొట్టె విరిగింది,” అన్నాడు అక్సకాల్.

జాసుర్ నిచ్చెన తెచ్చాడు.

తన ఉద్యోగం ఊడుతుందని తెలిసీ పెద్దల మాటకు ఖోప్ అన్న ఉద్యోగి మా పట్టణ చరిత్రలో మరొకరు లేరు. దానికి తగిన గౌరవాలతో వీడ్కోలు పలికి, ఇల్హోమ్ సంచిలో వేసి పంపించాం.

పెళ్లి ఘనంగా జరిగింది. ఇప్పుడు మునిస రోజూ తెల్లవారగానే గేటు ముందు ఊడుస్తోంది. పైనుంచి ఏ కెమెరా చూడడం లేదు. ఎదురింటివాళ్లు చూస్తున్నారు, పక్కింటివాళ్లు చూస్తున్నారు, రొట్టెలకని బయల్దేరినవాళ్లు నిలబడి చూస్తున్నారు. ఎప్పుడు లేచింది, కళ్లెందుకు వాచాయి, చీపురు ఏ చేత్తో పట్టింది అన్న కబురు మధ్యాహ్నానికి అత్తగారికి, మర్నాటికి రిష్తాన్‌కు అందుతోంది. కరెంటు పోయినా ఆగదు. ఏళ్లు గడిచినా చెరగదు. దీన్ని ఎక్కడ నొక్కితే ఆగుతుందో ఇల్హోమ్‌కు కూడా తెలియదు.

చదువుతున్న మీరు మంచివారు, ఇలాంటివి పట్టించుకోరు. ఇంతకీ ఆ పిల్ల మూలలు సరిగా ఊడుస్తోందా అని మాత్రం అడగాలని ఉంది మీకు.

ఊడవడం లేదు. ఎడమ మూల వదిలేస్తోంది. నేను చూశాను.