సర్క్యులరు గారి కిటికీ గది

ఆఫీసులో ఆయన్ని అందరూ సర్క్యులరు గారు అనేవాళ్లు. తుమ్ము వచ్చినా ముందు ఒక సర్క్యులరు టైపు చేయించి, గోడకు అంటించి, ఆ తర్వాతే తుమ్మే మనిషి మరి.

ఆయన కుర్చీ ఇనప బీరువా వెనక ఉండేది. ఫ్యాను గాలి బీరువా దాకా వచ్చి అక్కడే చతికిలబడేది. అందుకని ఆయన ప్రాణమంతా మూల గది మీదే. తాళం వేసి ఖాళీగా పడి ఉన్న ఆ గదికి ఇంత పెద్ద కిటికీ, లోపల ఓ కొళాయి కూడానూ. ఆ కిటికీ పక్కన కూర్చుని రిటైరైతే చాలని ఇంట్లో కంచం ముందు కూడా అదే జపం.

ఇంతలో పెద్దసారుకి ఉన్నట్టుండి పర్యావరణం మీద ప్రేమ పుట్టుకొచ్చింది. టీకి కాగితం కప్పులు మాన్పించి, చెత్తబుట్టలు ఖాళీగా చూపించినవాళ్లకి మూల గది ఇస్తానన్నారు.

సర్క్యులరు గారు ఆ పూటే నడుం బిగించారు. ఎవరి గ్లాసు వాళ్లే తెచ్చుకోవాలని గోడల నిండా కాగితాలు అంటించారు. కాగితం వాడొద్దని చెప్పడానికి ఆయన వాడినంత కాగితం ఆ ఆఫీసు ఎన్నడూ వాడి ఉండదు.

జనం గ్లాసులు తెచ్చుకున్నారు, పాపం. తీరా టీ తాగాక కడగాలంటే మెట్లన్నీ దిగి, ప్రహరీ పక్కన కొళాయి దగ్గర వరసలో నిలబడాలి. మర్నాటికల్లా గ్లాసుల్లోకి పెన్నులు, కప్పుల్లోకి టీ చేరాయి. ఇదేమిటని ఆయన నిలదీస్తే, ముందు పెద్దసారు దేంట్లో తాగుతున్నారో చూసి రమ్మన్నారు. వెళ్లి చూస్తే పెద్దసారు చేతిలోనూ కాగితం కప్పే.

ఆ మాట పెద్దసారుతో అనే గుండె లేక, ఆయన అడ్డదారి పట్టారు. సాయంత్రం అందరూ వెళ్లాక బుట్టల్లోని కప్పులన్నీ సంచిలో కుక్కి, ఇంటికి మోసుకెళ్లి, మెట్ల కింద చెత్తడబ్బాలో పోసేవారు. పొద్దున్న ఆఫీసు బుట్టలు అద్దాల్లా మెరిసేవి. పెద్దసారు భుజం తట్టేవారు.

ఆయన మరిచిపోయిందల్లా ఒకటే. వాళ్ల బిల్డింగులో చెత్త తగ్గించే పని నెత్తినేసుకున్నది సాక్షాత్తూ ఆయన భార్యే. గడప గడపా తిరిగి అందరికీ చెప్పి ఒప్పించింది ఆవిడ. ఇప్పుడేమో డబ్బా పొంగి పొర్లుతోంది. మీ ఇంట్లో టీకొట్టు పెట్టారేమిటమ్మా అని పై అంతస్తు పిన్నిగారు అడిగేసరికి ఆవిడకు తల కొట్టేసినట్టయింది. ఆ సాయంత్రం మెట్ల దగ్గరే కాపు కాసింది.

"సంచిలో ఏముందండీ?"

"ఫైళ్లు."

"ఫైళ్లలోంచి టీ కారుతోంది."

ఆయన మూల గది సంగతంతా కక్కేశారు. ఆవిడ విని ఒక్కటే అడిగింది.

"గ్లాసులు ఎక్కడ కడుక్కోమన్నారు వాళ్లని?"

"సర్క్యులర్లో ఆ సంగతి రాయలేదే."

"మీరు జన్మలో ఒక్క గ్లాసు కడిగుంటే రాసేవాళ్లు."

అంతటితో గండం గడిచిందనుకున్నారు ఆయన. మర్నాడు పెద్దసారు అందరినీ పోగుచేసి మూల గది తాళంచెవి ఆయన చేతిలో పెట్టారు. సరిగ్గా అప్పుడే గుమ్మంలో ఆవిడ, చేతిలో అదే సంచి.

"ఇది మీ ఆఫీసుదండీ. మా బిల్డింగులో దీనికి చోటు లేదు" అంటూ బల్ల మీద పెట్టింది. సంచి ఒరిగి, కప్పులు దొర్లుకుంటూ పోయి పెద్దసారు బూట్ల దగ్గర ఆగాయి. పెద్దసారు తన చేతిలోని కప్పుని మెల్లిగా వీపు వెనక్కి పంపించారు.

ఆవిడ మాత్రం పక్కింటికి వచ్చినంత తీరిగ్గా చెప్పుకొచ్చింది. ఇక్కడివాళ్లు మొండివాళ్లేం కాదని, కడుక్కునే చోటు చేతికి అందేలా ఉండి, పెద్దవాళ్లు ముందు కడిగితే మిగతావాళ్లు చెప్పకుండానే కడుగుతారని, బిల్డింగులో తనకు కుదిరింది అలాగేనని.

"దగ్గర్లో కొళాయి ఎక్కడుందమ్మా మాకు?" అన్నారు పెద్దసారు.

అందరి కళ్లూ మూల గది వైపు తిరిగాయి. సర్క్యులరు గారు తాళంచెవిని గుప్పిట్లో బిగించి చూశారు గానీ, లాభం లేకపోయింది.

ఇప్పుడా గది నిండా గ్లాసుల అరలే. పొద్దున్నే మొదటి గ్లాసు పెద్దసారే కడుగుతారు. కాగితం కప్పు అన్న మాటే లేదు. ఆ గదిని చూసుకునే బాధ్యత మాత్రం సర్క్యులరు గారికి దక్కింది. కుర్చీ బీరువా వెనకే ఉన్నా, రోజూ కిటికీ పక్కన నిలబడి గ్లాసులు తుడుస్తారు.

"గాలి ఎలా ఉందండీ?" అని అడిగింది ఆవిడ ఓ సాయంత్రం.

"చల్లగానే ఉంది. తడి చేతులకి మరీ చల్లగా ఉంది."

తాగేసిన టీ గ్లాసులు రెండూ ఆవిడ ఆయన ముందుకు జరిపింది. ఆయన చొక్కా చేతులు పైకి మడుచుకుని లేచారు.