పాత బేసు, కొత్త బేసు, అనంతయ్య ఇల్లు

వనపర్తిలో పెళ్ళిళ్ళకు పాటలు పాడే ఆర్కెస్ట్రా దశరథానిది. ఆ ఆదివారం పొద్దున ఆయన పెట్టుకున్న పని ఒక్కటే. చాయ్ తాగి, మేనల్లుడు శ్రవణ్ కుమార్ కొన్న కొత్త బేస్ గిటార్‌నూ తన పాత బేస్ గిటార్‌నూ పక్కపక్కన వాయించి ఏది మేలో తేల్చెయ్యడం. సాయంత్రం కొత్తకోటలో రిసెప్షన్ ఉంది. గెలిచిన గిటారే స్టేజి ఎక్కుతుంది. చిన్న పనే. కాకపోతే చాయ్‌లో చక్కెర తక్కువైందని, చెప్పు తెగిందని, కరెంటు వచ్చిపోతోందని దశరథం అప్పటికే కోపంగా ఉన్నాడు.

అసలు కోపం అదేదీ కాదు. "కొత్తది గెలిస్తే నేనింక స్టేజి ఎక్క. ఆర్కెస్ట్రా నువ్వే నడుపుకో" అని నిన్న మేనల్లుడి ముందు నోరు జారాడు. ఆర్కెస్ట్రాలో పాటగాళ్ళు మారారు, డ్రమ్ములు మారాయి. దశరథమూ ఆయన గిటారూ మాత్రం మారలేదు. అది చేతిలోంచి పోతే తనకు మిగిలేదేమిటని మాట అన్నాక ఆలోచించాడు. భయమేసింది. భయమేస్తే దశరథానికి కోపం వస్తుంది.

శ్రవణ్ హాస్టల్లో ఉంటాడు. అక్కడ ఎవడైనా ఎత్తుకుపోతాడని కొత్త గిటార్‌ను కొన్న రోజు నుంచీ మామ ఇంట్లోనే పెట్టాడు. ఆ పొద్దున వచ్చీ రాగానే మొదలుపెట్టాడు.

"మామా, నీదాని బరువుకు నీ భుజం ఒక పక్క కిందికి జారింది. దాని మెడ సూడు, రోకలి లెక్క ఎంత లావున్నదో. తీగలు ఇంత ఎత్తున లేశి ఉన్నయ్, నొక్కి నొక్కి ఏళ్ళు కాయలు కాస్తయ్. నాది పట్టుకో జర. మెడ సన్నగ, తీగలు మెడకే ఆనుకొని ఉంటయ్. ఇట్ల తాకితె అట్ల పలుకుతది. లోపల బ్యాటరీ ఉన్నది, మోత ఎంత కావాలంటె అంత పెంచుకోవచ్చు."

"పలుకుతది, పలుకుతది! అదేమన్న చిలకనా?" దశరథం గ్లాసు ఠక్కున కింద పెట్టాడు. "బేస్ అంటె పలకొద్దురా, కింద నిలబడాలె! పాట మొత్తం దాని మీద నిలబడాలె! నాది ఒక్క దెబ్బ కొడితె కడుపుల పడతది. నీది టింగు టింగు అంటది."

"ఏం నిలబడతది మామా? నీ పాత బేస్‌కు పగులొచ్చింది. ఎప్పుడు విరుగుతదో తెల్వదు. పాత బేస్ తీసిపారేసి కొత్త బేస్ పెట్టాలె, అంతే!"

ఈ చివరి ముక్క కిటికీలోంచి ఇంటి ఓనరు అనంతయ్య చెవిన పడింది. ఆయన పైన కొత్తగా ఒక అంతస్తు లేపుతున్నాడు, స్లాబు మీద నీళ్ళు పట్టి అప్పుడే మెట్లు దిగుతున్నాడు. ఇల్లు కట్టుకునేవాళ్ళ నోట్లో బేస్‌మెంటు ఎప్పుడో బేసైపోయింది. పైన అంతస్తు లేస్తుంటే కింద బేసుకు పగులొచ్చిందన్న మాట విన్న మనిషికి ప్రాణం ఎక్కడుంటుంది? లోపలికి వెళ్ళి ఒక్క మాట అడిగి ఉంటే పోయేది. కోపమొచ్చినవాడు అడగడు. తిన్నగా మేస్త్రీ మాసయ్య ఇంటికి నడిచాడు.

"నువ్వేసిన బేసు పగిలిందట! కిరాయికున్నోళ్ళు చెప్పుకుంటున్నరు, నాకే తెల్వదు!"

మాసయ్య అన్నం ముందు కూర్చుని ఉన్నాడు. చెయ్యి కడుక్కున్నాడు. "నా బేసు పగిలిందన్న మొగోడెవడు?" అంటూ గడ్డపార భుజాన వేసుకున్నాడు. దారి పొడుగునా ఇద్దరూ అరుచుకుంటూ వచ్చారు. వీళ్ళు ఇల్లు చేరేసరికి అనంతయ్య ఇల్లు కూలుతోందని గల్లీ అంతా తెలిసిపోయింది. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వంటింటి తలుపు గుండా చొరబడి బిందెలు, బియ్యం బస్తా, పొయ్యి మీది పప్పుతో సహా బయటికి మోయడం మొదలుపెట్టారు. నల్లా దగ్గరి నుంచి నీళ్ళతో వచ్చిన దశరథం భార్య జయశ్రీ తన సామానంతా రోడ్డు మీద చూసి, "ఏమాయె? ఎవరన్న పోయిండ్రా?" అంది.

ముందు గదిలో తీగలు బిగించుకుంటున్న దశరథం గోడ అవతల దబ్‌దబ్‌మని చప్పుడు విని బయటికి ఉరికాడు. మాసయ్య గోడ పక్కన మోకాలి లోతు గుంత తవ్వి ఉన్నాడు.

"ఏంది మీ కత? ఎవన్నడిగి తవ్వుతున్నరు?"

"నువ్వేందయ్యా అడిగేది?" అనంతయ్య మీదికొచ్చాడు. "బేసు నాది, నాకు చెప్పకుండ తీసిపారేస్తరా?"

"బేసు నీదెట్లయితది? ఇన్నేండ్ల సంది నేను భుజానేసుకొని మోస్తున్న!"

"ఇంటి బేసును భుజానేసుకొని మోసినవా?"

"పెండ్లిండ్లకు తీస్కపోయిన! గద్వాలకు తీస్కపోయిన, కొల్లాపూర్‌కు తీస్కపోయిన!"

చివరికి జయశ్రీయే బిందె దించి, "ఇంటి బేసు కాదన్నా, గిటార్ బేసు. పొద్దుగాల సంది గదే లొల్లి" అని చెప్పింది. గల్లీ పగలబడి నవ్వింది. మాసయ్య మాత్రం నవ్వలేదు. అన్నం ముందు నుంచి లేచొచ్చిన మనిషి.

"ఏ బేసయితె నాకేంది? నా పనిని అన్నరు," అని గుంతగట్టు మీద నీళ్ళ గ్లాసు పెట్టాడు. "మీ రెండు బేసులు గట్టిగ కొట్టుండ్రి. ఈ గోడ పగులుతదేమో నేను సూస్త!"

దశరథానికి ఇదే కావాలి. గల్లీ అంతా సాక్ష్యం. "శ్రవణ్, తలుపేసి లోపల వాయించు! ఏది ఏదో చెప్పకు. ఏది ఏందో నేను చెప్త!" అని అరిచాడు.

తలుపు మూసుకుంది. లోపల చాలాసేపు చప్పుడు లేదు. తర్వాత ఒక వరస మోగింది, ముక్కుతో పాడినట్టు సన్నగా, గరగరలాడుతూ. దశరథం ముఖం వెలిగిపోయింది. "ఇనుండ్రి! ఇదే కొత్తది! రేకు డబ్బల రాళ్ళు పోసి ఊపినట్టు లేదూ? థూ!"

కాసేపటికి అదే వరస మళ్ళీ వచ్చింది. ఈసారి లావుగా, మెత్తగా, కింద నుంచి. గ్లాసులో నీళ్ళు వణికాయి. దశరథం కళ్ళు చెమర్చాయి. "ఇదీ నాది! గుండె మీద చెయ్యి పెట్టుకోండ్రి, తెలుస్తది!" నిజంగానే ఇద్దరు ముగ్గురు చెయ్యి పెట్టుకున్నారు. అనంతయ్య కూడా.

శ్రవణ్ బయటికొచ్చాడు. ముఖం వేలాడేసుకుని ఉన్నాడు. భుజాన పాత గిటారే ఉంది.

"మామా, రెండూ నీవే."

"ఏంది నావి?"

"రెండుసార్లు నీ గిటారే వాయించిన. ముందుగాల తీగల కింది కొసకాడ గోరుతోని గిచ్చిన, తర్వాత మెడకాడ బొటనేలుతోని కొట్టిన. నాది మూగపోయింది, బ్యాటరీ సచ్చింది. అందరి ముందర ఇజ్జత్ పోతదని చెప్పలే. స్పీకర్ వైరు గుచ్చి వదిలేస్తె అది బ్యాటరీని తింటది. నేను పీకి పెట్టిపోయిన. ఎవరో గుచ్చిండ్రు."

"ఎవరో ఏంది?" అంది జయశ్రీ. "నేను నీళ్ళకు పోంగనే మీ మామ తలుపేసుకుంటడు. నువ్వు తెచ్చిన కాడి నుంచి టింగు టింగు ఆగుతలేదు."

గల్లీ ఈసారి నవ్వలేదు. అందరూ దశరథాన్నే చూశారు. ఆయన అనంతయ్య మీద కోప్పడదామనుకున్నాడు, మాసయ్య మీద కోప్పడదామనుకున్నాడు, ఎవరి మీదా కోపం నిలవలేదు. ఇన్నేళ్ళు తనకు అన్నం పెట్టిన గిటార్‌ను నలుగురి ముందు రేకు డబ్బా అన్నది తనే. దాని వైపు చూడటానికి సిగ్గేసింది. స్టేజి ఎక్కనన్న మాట కూడా గుర్తొచ్చింది.

"నచ్చిందని చెప్తె ఏం పోయె మామా?" అన్నాడు శ్రవణ్ మెల్లగా.

"నచ్చిందని ఎవడన్నడు? ఎంత చెత్తగున్నదో సూద్దామని వాయించిన!"

"మస్తు చెత్తగున్నట్టున్నది," అంది జయశ్రీ, రోడ్డు మీది పప్పు గిన్నె తీసుకుని లోపలికి పోతూ.

మాసయ్య గుంత పూడ్చకుండానే వెళ్ళిపోయాడు. శ్రవణ్ వెళ్ళి మైకుసెట్టు షాపులో చదరపు బ్యాటరీ ఒకటి కొనుక్కొచ్చి వేశాడు. సాయంత్రం కొత్తకోటలో కొత్త గిటార్‌ను మామ మెడలో వేసి, "నాకిది ఇంకా చేతికి రాలే, ఇయ్యాల నువ్వే పట్టు" అన్నాడు. అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు. పాతదాన్ని శ్రవణ్ తన ఒళ్ళో పెట్టుకుని, బ్యాటరీ మళ్ళీ చస్తే పనికొస్తుందని వెనక కుర్చీలో కూర్చున్నాడు. దశరథం ఒక్క పాట వదలకుండా వాయించాడు. వేళ్ళు గిటార్ మెడ మీద వాటంతటవే పరుగెత్తాయి. భోజనాల విరామంలో అందరూ వాయిద్యాలు దించారు, ఆయన దించలేదు.

"ఎట్లున్నది మామా?"

"ఏం బాగలేదు," అన్నాడు దశరథం కోపంగా, దాన్ని ఇంకొంచెం దగ్గరికి లాక్కుని.