హెడ్మాస్టరు అనే అరువు గుర్రం

నాకు కాలు ఒకచోట నిలవదు. ఈ మాట మా ఆవిడది. నేనైతే దాన్ని చురుకుదనం అంటాను. ఉద్యోగం తూనికలు, కొలతల ఆఫీసులో. పొద్దంతా కొట్టు కొట్టుకీ తిరిగి తక్కెళ్లకు ముద్రలు వేస్తాను. ఇంటికొచ్చాక ఆ గదిలోంచి ఈ గదిలోకి, ఈ గదిలోంచి ఆ గదిలోకి తిరుగుతాను. మా ఆవిడ కుట్టు మిషను ఆపి, "ఏవండీ, కాస్త కుదురుగా కూర్చోండి, మీ గాలికి నా కొలతల కాగితాలు ఎగిరిపోతున్నాయి" అంటుంది.

అలా తిరుగుతూ తిరుగుతూ ఒక సాయంత్రం హఠాత్తుగా ఆగాను. నాకు ఇన్నాళ్లూ లేనిదేమిటో తెలిసిపోయింది.

"ఏమోయ్, గుర్రం కొందామనుకుంటున్నాను."

మిషను ఆగలేదు. "పోయినేడు పడవన్నారు."

"పడవకి నీళ్లు కావాలి. గుర్రానికి అదేం అక్కర్లేదు."

"తాగడానికైనా కావాలిగా."

"వెనక షెడ్డు ఖాళీగానే ఉంది కదా!"

"ఎక్కడ ఖాళీ? మీ వ్యాయామం సైకిలుంది. తేనెటీగల కోసం మీరు తెచ్చిన పెట్టెలున్నాయి. తేనెటీగలే లేవు." దారం కొరికి తెంపింది. "కొనడం వద్దు. నెల రోజులకి అరువు తెచ్చుకోండి. ఊరి చివర స్వారీ నేర్పే టీచరమ్మ ఇస్తారట. మేత మనది, పేడ మనది, గుర్రం మాత్రం ఆవిడది. నెల తర్వాత కూడా మీ సరదా ఇలాగే ఉంటే అప్పుడు చూద్దాం."

అరువు! గొడుగు అరువు తెచ్చుకుంటారు, నిచ్చెన అరువు తెచ్చుకుంటారు. గుర్రాన్ని అరువు తెచ్చుకుంటే మగాడి ఠీవి ఏం కాను? పైగా నేను తొందరపడి, మర్నాడే ఆఫీసులో "గుర్రం కొనేశాను" అని చెప్పేశాను.

మా ఆఫీసులో పక్క బల్ల ఆయన్ని అందరం 'అనుమానం' అంటాం. అసలు పేరు ఆయనకే సరిగ్గా గుర్తులేదు. నా మాట వినగానే కళ్లజోడు తీసి తుడుచుకుని, "నీకు గుర్రాల గురించి ఏం తెలుసోయ్?" అన్నాడు. "మా మామగారు..." అనబోయి నాలుక కరుచుకున్నాను.

మీ దగ్గర దాపరికమెందుకు? మా మామగారు గుర్రాలకి నాడాలు కొట్టేవారు. ఆఫీసులో మాత్రం పద్దెనిమిదేళ్లుగా 'ఇనుము వ్యాపారం' అని చెప్తూ వచ్చాను. నాడాలు ఇనుమే కదా, ఇందులో అబద్ధమేముందని నాకు నేనే సర్దిచెప్పుకునేవాణ్ణి. ఆ సంగతి మా ఆవిడ చెవిన పడలేదని ధైర్యం.

"సరే, అరువే తెద్దాం" అన్నాను ఆ సాయంత్రం ఇంటికొచ్చి, వెన్న పూసినట్టు. నా పన్నాగం వేరు. ఉన్నవాటిలోకల్లా మొండి గుర్రాన్ని ఏరి తెస్తే, వారం తిరక్కుండా ఈవిడే, "పరాయి గుర్రంతో ఈ అవస్థలేంటండీ, మంచిది ఒకటి కొనేద్దాం" అని బతిమాలుతుంది. అప్పుడు నేను బెట్టు చేసి ఒప్పుకుంటాను.

"వీటిలో అస్సలు మాట విననిది ఏదండీ?" అని అడిగాను టీచరమ్మని.

ఆవిడ నన్ను కిందనుంచి పైదాకా చూసింది. "అందరూ మాట వినేది అడుగుతారు బాబూ."

"నా తత్వం వేరండీ."

అలా మా ఇంటికి హెడ్మాస్టరు వచ్చింది. గోధుమరంగు గుర్రం, ముక్కు మీద తెల్ల మచ్చ. ఎదురుగా నిలబడితే మనం లెక్క తప్పు చేసినట్టు చూస్తుంది. వారానికోసారి వచ్చి చూసుకుంటాననీ, గుర్రానికి ఏ చిన్న నలత కనిపించినా వెంటనే తోలుకుపోతాననీ టీచరమ్మ కాగితం రాయించుకుంది.

మొదటి రోజు ఎక్కాను. అది కదల్లేదు. గంటసేపు దాని మీద కూర్చుని వీధి చూశాను. మా ఆవిడ కిటికీలోంచి తొంగిచూసి, "పెళ్లయ్యాక మీరు ఇంతసేపు ఒకచోట ఉండటం ఇదే మొదటిసారి" అని సంతోషించింది.

రెండో రోజు కదిలింది, నేను లాగిన వైపు మాత్రం కాదు. సరాసరి బేకరీకి వెళ్లి, బన్ను తింటేగానీ వెనక్కి తిరగలేదు. మూడో రోజు బేకరీ ఆయన రెండు బన్నులు తెచ్చి, ఒకటి నాకిచ్చాడు.

ఇంత జరిగినా మా ఆవిడ విసుక్కోదేం! పైగా పొద్దున్నే నాకంటే ముందు షెడ్డులో ఉంటోంది. అడిగితే "పేడ ఎత్తుతున్నాను" అంటుంది. పేడ ఎత్తడానికి గుర్రం జూలు దువ్వడం ఎందుకో నాకు అర్థం కాలేదు. నాలో గాభరా మొదలైంది. ఇంట్లో తిరగడం రెట్టింపు చేశాను.

ఆదివారం పొద్దున్న అనుమానం మా సెక్షన్ మొత్తాన్ని వెంటేసుకుని దిగాడు. "నీ గుర్రం చూద్దామని వచ్చాం. ఎక్కు, చూస్తాం."

ఎక్కాను. నాలుగడుగులు వేసి హెడ్మాస్టరు కుంటడం మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే గేటు తీసుకుని టీచరమ్మ లోపలికొచ్చింది.

"ఇదేంటి, గుర్రం కుంటుతోంది? దించండి, తీసుకుపోతాను."

అనుమానం ముందుకొచ్చాడు. "ఈయన గుర్రాన్ని మీరెందుకు తీసుకుపోతారమ్మా?"

"ఈయనదేంటి? ఇది నాది. నెలరోజులకి అరువిచ్చాను."

సెక్షన్ మొత్తం నా వైపు తిరిగింది. గుర్రం దిగుదామంటే కాలు జీను పట్టీలో ఇరుక్కుంది. అరువు గుర్రం పోతోంది, ఉన్న పరువూ దాంతోపాటే పోతోంది.

మా ఆవిడ చెంగు బిగించి మెట్లు దిగింది. నా కాలు విడిపించి పక్కన నిలబెట్టింది. గుర్రం భుజం మీద తట్టి, కాలు మడిచి ఒళ్లో పెట్టుకుంది. అన్నాళ్లూ నా మాట వినని హెడ్మాస్టరు నోరెత్తలేదు. వాళ్ల నాన్న పనిముట్ల పెట్టెలోని కొక్కెంతో, గిట్టలో ఇరుక్కున్న రాయి తీసి అవతల పారేసింది.

టీచరమ్మ దగ్గరికొచ్చింది. "ఈ పట్టు ఎక్కడ నేర్చుకున్నావమ్మా?"

"మా నాన్న నాడాలు కొట్టేవారండీ. చిన్నప్పుడు గుర్రాలన్నీ నేనే పట్టుకునేదాన్ని."

"ఇనుము వ్యాపారం కదమ్మా?" అన్నాడు అనుమానం.

"అలాగని ఈయన చెప్పారు. నాన్న పోయినప్పుడు పరామర్శకొచ్చి, గోదాములు ఇక ఎవరు చూసుకుంటారని మీరే అడిగారు. అప్పుడే తెలిసింది నాకు."

నాలుగేళ్లయింది మామగారు పోయి. ఈ నాలుగేళ్లూ ఒక్కసారి కూడా మా ఆవిడ ఆ మాట ఎత్తలేదు. నాకు సిగ్గేసింది. జీవితంలో మొదటిసారి, కదలాలని అనిపించలేదు.

టీచరమ్మ కళ్లెం తీసి మా ఆవిడ చేతిలో పెట్టింది. "ఈ పెద్దమనిషికైతే అరువు కూడా ఇవ్వను. నీకైతే అమ్ముతాను. కొంటావా?"

"కొంటానండీ. కుట్టి దాచుకున్నది ఉంది." ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. కళ్లనిండా నీళ్లు, మొహం నిండా నవ్వు. అంత ఆశ మనసులో పెట్టుకుని, నాకు అరువు సలహా ఇచ్చిందన్నమాట!

వచ్చినవాళ్లు వెళ్లాక మెల్లగా అన్నాను, "మొత్తానికి మనకి సొంత గుర్రం వచ్చింది."

"మనకి కాదండీ, నాకు. మీక్కావాలంటే అరువిస్తాను." అప్పటికే కాగితం రాసి ఉంచింది. పొద్దున్నే పేడ నేనెత్తాలి. ఆదివారం అరగంట స్వారీ, బేకరీ దాకానే. మూడోది చదివి తలెత్తాను.

"ఇది మరీ కష్టంగా ఉందోయ్."

"పేడ ఎత్తడం కంటేనా?"

సంతకం పెట్టాను. సోమవారం ఆఫీసులో అందరూ వచ్చాక లేచి నిలబడి, "మా మామగారు గుర్రాలకి నాడాలు కొట్టేవారు" అని గట్టిగా చెప్పాను.

అనుమానం ఫైల్లోంచి తలెత్తాడు. "నిన్ననే విన్నాం కదా. మళ్లీ ఎందుకు చెప్తున్నావు?"

"చెప్పకపోతే వచ్చే ఆదివారం గుర్రం ఇవ్వదు" అన్నాను.