ఒక ర్యాంకు పైన

"ఇకమీదట మన సైన్యంలో ఏ ఆడపిల్లా తల దించుకోవాల్సిన పనిలేదు!" అని రక్షణ మంత్రిగారు ప్రకటించేశారు. ప్రకటించి, మైకుల ముందు మూడు వేళ్లు పైకెత్తారు.

"ఒకటి. ఫిర్యాదు ఏ ఆఫీసరు మీద వచ్చిందో ఆ ఆఫీసరు చేతికే అది వెళ్లే దిక్కుమాలిన పద్ధతి రద్దు. రెండు. ముద్దాయి కంటే ఒక ర్యాంకు పైనున్నవాడే విచారణ చెయ్యాలి. మూడు. అరవై రోజుల్లో తీర్పు. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మేం పడతాం!"

చప్పట్లు మోగిపోయాయి. విలేకరులు చప్పట్లు కొట్టకూడదంటారు గానీ, ముందు వరసలో కూర్చున్నవాళ్లంతా మంత్రిగారి ఆఫీసు వాళ్లే కాబట్టి ఆ నియమం చెక్కు చెదరలేదు.

క్యాంపు రికార్డు సెక్షన్లో టీవీ ముందు నిలబడ్డ హెడ్ గుమస్తాకి ఒళ్లు పులకరించింది. ఇరవయ్యారేళ్ల సర్వీసులో ఆయన ఒక్క ముద్ర కూడా వంకరగా వేసి ఎరగరు. అందుకే క్యాంపులో అందరూ ఆయన్ని స్టాంపుగారంటారు. ఇంట్లో కోపం వచ్చినప్పుడు భార్య కూడా అలాగే పిలుస్తుంది.

ఆయన పులకరింతకి సొంత కారణం కూడా ఒకటుంది. సైన్యంలో వైర్‌లెస్ విభాగంలో చేరతానని కూతురు ఆర్నెల్లుగా ప్రాణం తోడేస్తోంది. దరఖాస్తు నింపేసింది. దానిమీద ముద్ర వేసి పైకి పంపాల్సింది స్టాంపుగారే. 'చూద్దాంలే తల్లీ' అంటూ నెట్టుకొస్తున్నారు. ఇవాళ మంత్రిగారే మూడు వేళ్లెత్తి చెప్పాక ఇంక చూసేదేముంది?

"బాబాయ్ గారూ, విన్నారా?"

కౌంటరు అవతల క్యాంపు వైర్‌లెస్‌లో పనిచేసే అమ్మాయి నిలబడి ఉంది.

"విన్నానమ్మా! రోమాలు నిక్కబొడుచుకున్నాయి, చూడు."

"చూశాను. ఇక నా కాగితానికి నంబరు వేస్తారా?"

ఆ కాగితం సంగతి చెప్పాలి. ఎనిమిది నెలల కిందట హెడ్‌ఫోన్లు సరిగా పనిచేస్తున్నాయో లేదో చూడాలని కల్నల్ గారు ఆ అమ్మాయిని తన గదికి పిలిచారు. పిలిచి తలుపు గడియ పెట్టారు. ఆ తర్వాతి సంగతి ఆమె ఒకటిన్నర పేజీ రాసిచ్చింది. పాత పద్ధతి ప్రకారం అది అభిప్రాయం కోసం కల్నల్ గారి దగ్గరికే వెళ్లింది. ఆయన ఎనిమిది రోజులు క్షుణ్ణంగా పరిశీలించి మార్జిన్లో రాశారు: "అక్షరదోషాలున్నవి. దిద్ది పంపగలరు." దిద్ది పంపింది. "దస్తూరీ బాగులేదు" అని వచ్చింది. టైపు చేసి పంపింది. "ఫిర్యాదు స్వహస్తంతో రాయవలెను" అని వచ్చింది. అప్పట్నించీ అది స్టాంపుగారి బల్ల కింది సొరుగులో ఉంది. పారేస్తే తప్పు. నంబరు వేసినా తప్పే. సొరుగులో ఉంటే మాత్రం ఎవరికీ ఏ తప్పూ అంటదు.

"కొత్త రిజిస్టరు రావాలమ్మా," అన్నారు స్టాంపుగారు.

"ఎప్పుడొస్తుంది?"

"సంస్కరణ ఇప్పుడేగా వచ్చింది. రిజిస్టరు దాని వెనకాలే నడుచుకుంటూ రావాలిగా, పాపం."

"నా కాంట్రాక్టు మూడు నెలల్లో అయిపోతుంది బాబాయ్ గారూ. పొడిగించేది ఆయనే. పొడిగించడని నాకు తెలుసు. పోతే పోయింది. పోయేలోపు నాకేం జరిగిందో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, ఎదురుగా కూర్చోబెట్టి విని రాసుకోవాలి. అంతే."

రిజిస్టరు నాలుగో రోజున వచ్చింది. అట్ట మీద బంగారు రంగు అక్షరాలు. దాని వెనకే కల్నల్ గారికి ఒక ఫోనూ వచ్చింది. మాట్లాడింది మంత్రిగారి సెక్రటరీ. శుక్రవారం నాడు మంత్రిగారు వేదిక మీద తొలి ఫిర్యాదుని స్వయంగా స్వీకరించి సంస్కరణ ప్రారంభిస్తారు. అన్నీ సిద్ధం. ఫిర్యాదు ఒక్కటే లేదు. క్యాంపులన్నిటినీ అడిగారట. 'మా దగ్గర అలాంటివి జరగవండీ' అని అందరిదీ ఒకటే పాట.

"ఇంత సైన్యంలో ఒక్క ఫిర్యాదు దొరకదా సార్! సంస్కరణని గాల్లో ప్రారంభించమంటారా?" సెక్రటరీ గొంతులో ఏడుపొక్కటే తక్కువ.

కల్నల్ గారు ఫోను పట్టుకునే నిటారుగా అయ్యారు. "మా దగ్గర ఒకటుంది. మంచిది. పంపిస్తున్నాం."

పక్కనే నిలబడ్డ స్టాంపుగారు ఫోను పెట్టేదాకా ఆగి గొంతు సవరించుకున్నారు. "సార్... అది తమరి మీదే సార్."

"ఐతే?"

"అంటే... మంత్రిగారు అందరి ముందూ దాన్ని..."

"మంత్రిగారు చదువుతారా?"

స్టాంపుగారు తన ఇరవయ్యారేళ్ల అనుభవాన్నీ ఒకసారి నెమరేసుకున్నారు. "చదవరు సార్."

"మరింకేం! అవతల క్యాంపులవాళ్లని చూడు, దద్దమ్మలు. ఒక్క ఫిర్యాదు చూపించే దమ్ము లేదు ఒక్కడికీ. మనం చూపిస్తున్నాం. అదీ నాయకత్వమంటే."

ఆ నిజాయితీకి స్టాంపుగారు చలించిపోయారు.

శుక్రవారం పరేడ్ మైదానంలో ఫిర్యాదు అందజేత మూడుసార్లు రిహార్సల్ చేయించారు. కాగితం ఏ చేత్తో పట్టుకోవాలి, ఎన్నో అడుగు దగ్గర ఆగాలి, అన్నీ. ప్రచారశాఖ ఆఫీసరొకాయన వచ్చి అమ్మాయికి చెప్పాడు, "నవ్వుతూ ఇవ్వాలమ్మా."

"నవ్వెందుకు సార్?"

"ఫిర్యాదు చేసే స్వేచ్ఛ వచ్చిందిగా! ఆ సంతోషం మొహంలో కనపడొద్దూ?"

ఆ అమ్మాయి నవ్వలేదు. మర్నాడు పత్రికల్లో పడ్డ ఫొటోలో మాత్రం నవ్వుతూనే ఉంది. ఎప్పుడు నవ్విందో ఆమెకే తెలియదు.

స్టాంపుగారు వేదిక మీదే ముద్ర వేశారు. నంబర్ ఒకటి. గీత గీసినట్టు పడింది. మంత్రిగారు కాగితాన్ని తలకిందులుగా పట్టుకుని జనానికి చూపించారు. "ఇదీ కొత్త సైన్యం! అవునూ, తన క్యాంపులో ఫిర్యాదుని తొక్కిపట్టకుండా, గుండె ధైర్యంతో పైకి పంపిన ఆ కమాండరెవరయ్యా?"

కల్నల్ గారు రెండడుగులు ముందుకేసి సెల్యూట్ కొట్టారు.

మంత్రిగారికి కళ్లు చెమర్చాయి. అక్కడికక్కడే ఆయన్ని బ్రిగేడియర్ని చేశారు. అంతటితో ఆగితే మామూలు మంత్రి. "భుజానికి ఆ నక్షత్రం తొడగాల్సింది ఈ చిట్టితల్లే!" అన్నారు. అమ్మాయి చేతులు వెనక్కి పెట్టుకుంది. మంత్రిగారు సిగ్గనుకుని, పోనీలెమ్మని తానే తొడిగారు.

ఇక విచారణ. కొత్త రూలు పుస్తకం తెచ్చి స్టాంపుగారు కళ్లజోడు తుడుచుకుని మరీ చదివారు. ముద్దాయి హోదా సంఘటన జరిగిన నాటి హోదాయే. అంటే కల్నల్. విచారణ చెయ్యాల్సింది ఒక ర్యాంకు పైవాడు. అంటే బ్రిగేడియర్. ఆయన అదే క్యాంపువాడై ఉండాలి. క్యాంపులో బ్రిగేడియర్లు ఎంతమంది? ఒక్కరు.

రెండోసారి చదివినా ఒక్కరే వచ్చారు.

పుస్తకం పట్టుకుని ఆయన గదికి వెళ్లి చూపించారు. బ్రిగేడియర్ గారు కుర్చీలో వెనక్కి వాలి బరువుగా నిట్టూర్చారు.

"రూలంటే రూలేనయ్యా. ఎవడైనా సరే, నా దగ్గర మొహమాటాలుండవు."

బ్రిగేడియర్ గారి నించి కల్నల్ గారికి నోటీసు టైపయింది. స్టాంపుగారు దాన్ని బల్ల మీద ఎడమ ట్రేలోంచి తీసి కుడి ట్రేలో వేసి, అందినట్టు సంతకం తీసుకున్నారు. కల్నల్ గారు రెండు వారాల గడువు కోరారు. బ్రిగేడియర్ గారు మూడు రోజులే ఇచ్చారు. కల్నల్ గారు కాస్త నొచ్చుకున్నారని బ్రిగేడియర్ గారే తర్వాత చెప్పారు.

విచారణ ఆయన గదిలోనే. అదే గది. ఇటు ఒక కుర్చీ, అటు ఒక కుర్చీ, గోడవారన అమ్మాయికొక స్టూలు, రాసుకోవడానికి స్టాంపుగారు.

"ఇది గోప్యమైన విచారణ. తలుపు గడియ పెట్టవయ్యా," అన్నారు బ్రిగేడియర్ గారు.

స్టాంపుగారు లేచి వెళ్లి గడియ మీద చెయ్యి వేశారు.

"బాబాయ్ గారూ, వద్దు."

గట్టిగా అనలేదు. అయినా ఆయన చెయ్యి ఆగిపోయింది. పాతకాలపు ఇనప గడియ అది. చేతికి చల్లగా తగిలింది. నెలల తరబడి తన సొరుగులో ఉన్న ఒకటిన్నర పేజీలో రెండో పేరా మొత్తం దీని గురించే. ఆ పేరా ఆయన చదవలేదని కాదు.

స్టాంపుగారు వంగి, తన ముద్రల డబ్బా తలుపు సందున అడ్డంగా పెట్టారు. "తలుపు బిగుసుకుపోయింది సార్, గడియ పడట్లేదు. రిపేరుకి రాయాలి," అన్నారు. సర్వీసులో అది ఆయన మొదటి అబద్ధం.

విచారణ అద్భుతంగా సాగింది. బ్రిగేడియర్ గారు ఈ కుర్చీలో కూర్చుని ప్రశ్న వేశారు. లేచి, బల్ల చుట్టూ తిరిగి, ఆ కుర్చీలో కూర్చుని భుజాలు కుంగదీసుకుని కల్నల్ గారి తరఫున జవాబు చెప్పారు.

"ఆ రోజు తలుపు గడియ పెట్టింది నువ్వేనా?"

బల్ల చుట్టూ నడక.

"గుర్తులేదు సార్."

మళ్లీ నడక.

"గుర్తులేదా! సిగ్గులేదూ ఆ మాట అనడానికి? రాసుకోవయ్యా గుమస్తా, ముద్దాయి బాధ్యతారహితంగా జవాబిచ్చాడు."

స్టాంపుగారు రాసుకున్నారు. పదకొండు ప్రశ్నలకి పదకొండు ప్రదక్షిణలయ్యాయి. ముద్దాయికి మంచినీళ్లు కావాలా అని అడిగి, వద్దని చెప్పి, అయినా తాగారు.

"నన్నేమీ అడగరా?" అంది అమ్మాయి స్టూలు మీంచి.

"నీకెందుకమ్మా శ్రమ? నువ్వు చెప్పేదాకా ఆగితే ఇతగాడికి తప్పించుకునే దారి దొరుకుతుంది. నాకు అంతా తెలుసు," అన్నారు బ్రిగేడియర్ గారు.

ఆ ఒక్క మాటా నిజం. దాన్ని మాత్రం రాసుకోమనలేదు.

తీర్పు నలభై ఒకటో రోజున వచ్చింది. కల్నల్ గారు దోషి! ఆయన్ని కల్నల్ పదవి నించి తక్షణం తొలగించాలి. బతికున్నంత కాలం ఈ సైన్యంలో ఆయన మళ్లీ కల్నల్‌గా పనిచెయ్యడానికి వీల్లేదు. తీర్పు వచ్చేసరికే అమలయిపోయి ఉంది. అంత వేగం సైన్యం చరిత్రలో లేదని మంత్రిగారు మళ్లీ మైకుల ముందుకొచ్చి చెప్పారు. "ఒక కల్నల్‌ని ఇంటికి పంపాం!" అన్నారు. మూడు వేళ్లూ మళ్లీ లేచాయి. ముందు వరసలో మళ్లీ చప్పట్లు.

ఆ తర్వాత ఒక సోమవారం అమ్మాయి కౌంటరు దగ్గరికొచ్చింది.

"కాంట్రాక్టు నిన్నటితో అయిపోయింది బాబాయ్ గారూ. పొడిగింపు కాగితం ఏమైంది?"

స్టాంపుగారు ఫైలు తీసి, తిప్పి, మళ్లీ తిప్పి చూశారు. "దానిమీద కల్నల్ సంతకం ఉండాలమ్మా."

"కల్నల్ ఎవరు?"

"ఎవరూ లేరు. తీసేశారుగా. నీ ఫిర్యాదు మీదే."

అమ్మాయి నవ్వింది. అచ్చం పత్రికలోని ఫొటోలో లాగానే.

"బ్రిగేడియర్ మీద ఇంకో కాగితం రాసిద్దామనుకున్నాను. ఆయన్ని విచారించాలంటే మేజర్ జనరల్ కావాలి, అంతేనా?"

"అవునమ్మా. మన క్యాంపులో లేరు." ఫైలు మూస్తూ అన్నారు, "ఆయనే ఆర్నెల్లలో అయ్యేలా ఉన్నారు."

"అయినా నేనిప్పుడు బయటిదాన్నిగా. తీసుకోరు."

"తీసుకోకూడదు."

ఆమె గుర్తింపు కార్డు తీసి కౌంటరు మీద పెట్టింది. స్టాంపుగారు రద్దు ముద్ర వేశారు. అది వంకరగా పడింది. తుడుద్దామని చూస్తే ఇంకా అలుక్కుపోయింది.

"మీ అమ్మాయి వైర్‌లెస్‌లో చేరతానంటోందన్నారు?"

"ఆఁ. దరఖాస్తు ఇవాళే తెచ్చాను."

"తెలివైన పిల్లేనా?"

"చాలా."

"ఐతే ఒక్కమాట చెప్పండి. ఆ గది గడియ నేరుగా లాగితే రాదు. పైకి లేపి, పక్కకి తిప్పాలి. నాకు తెలియక లాగుతూనే ఉండిపోయాను."

సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయింది. ఆమె గేటు దాటేదాకా స్టాంపుగారు అలా నిలబడే ఉన్నారు. తర్వాత జేబులోంచి కూతురి దరఖాస్తు తీశారు. ముద్ర చేతిలోకి తీసుకున్నారు. ఇంకులో అద్దారు. ఇంకు ఆరిపోయింది. మళ్లీ అద్దారు.

బల్ల కింది సొరుగు ఖాళీగా ఉంది.

సాయంత్రం గుమ్మంలో చెప్పులు విప్పుతూ ఉండగానే కూతురు ఎదురొచ్చింది. "పంపావా నాన్నా?"

"పరిశీలనలో ఉందమ్మా."

"పరిశీలనేంటి? చేసేది నువ్వేగా! అన్నీ సరిగ్గానే రాశానే. ఏమైనా లోపముందా?"

స్టాంపుగారు రెండో చెప్పు విప్పడానికి చాలాసేపు తీసుకున్నారు.

"అక్షరదోషాలున్నాయి," అన్నారు.