పడుకున్న తలకట్టు

ఆ ఉదయం సంపాదకుడు సుంకప్ప పథకం చిన్నదే. హిందూపురం ప్రెస్సు నుంచి బస్సులో వచ్చే కట్టలు దించుకుని, మడకశిర సంతలో గొర్రెల పెంపకందార్ల మాసపత్రిక ‘మంద’ను ఆవిష్కరించడం. ఖర్చంతా దాణా కొట్టు ఖాసిం సాబ్‌ది. ఆయన ముందే తేల్చేశాడు: "ఈపొద్దు సంతలో నా ప్రకటన కనపడాల. లేదంటే మొదటి సంచికే ఆఖరుదప్పా!"

అక్షరాల పేచీ మాత్రం ముందునుంచీ ఉంది. పాత సీసపు అచ్చును చూసి గీసిన ఫాంట్లు రెండు చివరి ఎంపికకు మిగిలాయి. ఒకదాంట్లో తలకట్టు టిక్కు పెట్టినట్టు లేచి ఉంటుంది. రెండోదాంట్లో బల్లపరుపుగా పడుకుని ఉంటుంది. సుంకప్ప రెండోదానికే మనసిచ్చాడు.

"అన్నా, ఇది అచ్చం కన్నడం మాదిరి ఉండాది," అంది కంప్యూటర్లో పేజీలు కట్టే నాజ్‌నీన్.

"నీకేం తెలుసు పాపా! పాతకాలం గాంభీర్యమంటే ఇదే."

సుంకప్ప సంతలో మైకు సరిచేయిస్తుండగా బస్సు వచ్చి వెళ్లిపోయింది. కట్టలు దిగలేదు. కండక్టర్ కుళ్లాయప్పకు ఫోన్ చేశాడు.

"ఏమప్పా, నా కట్టలు యాడ?"

"తెలుగువి ఏమీ లేవన్నా. కన్నడం పుస్తకాలుంటే అవతల కర్ణాటకలో పావగడకు ఎత్తుకపోతాండా."

"అవే నావి!"

"నీవెట్లయితాయి? నాకు కన్నడం తెలీదా?" అని కుళ్లాయప్ప ఫోన్ పెట్టేశాడు.

వేదిక మీద ఖాసిం సాబ్ దండతో కూర్చున్నాడు. ఏం చేయాలో తోచక సుంకప్ప గొర్రె పుట్టుక దగ్గర్నుంచి ఎత్తుకుని గంటల తరబడి మాట్లాడాడు. చివరికి నాజ్‌నీన్ దగ్గరున్న ప్రూఫు కాపీనే ఆవిష్కరించి, ముందు వరసలోని గొర్రెల కాపరి ఓబుళేసు చేతికిచ్చాడు.

"కన్నడం మాకు రాదు సామీ," అని ఓబుళేసు మర్యాదగా తిరిగిచ్చేశాడు.

ఖాసిం సాబ్ లేచాడు. "నా దుడ్లతో నా కొట్టు పేరు కన్నడంలో ఏసినావా!" దండ తీసి కుర్చీలో పడేశాడు. అంతలో ఆయన ఫోన్ మోగింది. ప్రకటనలోని నంబరు చూసి చేసింది పావగడ బస్టాండులో పుస్తకాల బంకు ఆయన; ఆ గొంతు మైకులోనూ వినపడింది.

"సాబ్, మాది ఇంట్లో తెలుగు, బళ్లో కన్నడం. కన్నడం పుస్తకమని తీసి కూడబలుక్కుంటే మా అమ్మ మాట వినపడినట్లాయ. ఇంట్లో మాట్లాడే మాట చదవడం ఇదే మొదలు. కట్టలన్నీ అయిపోయినాయి. ఇంకా పంపండి. దాణా కూడా."

ఖాసిం సాబ్ కుర్చీలోని దండ తీసి మళ్లీ తనే వేసుకున్నాడు.

"చూసినావా పాపా?" అన్నాడు సుంకప్ప, పట్టలేని ఆనందంతో.

"చూసినా అన్నా. మరి మనూరోళ్లు ఏం చదవాల?"

రెండో సంచిక ముఖచిత్రం మీద నాజ్‌నీన్ లేచిన తలకట్టున్న మొదటి ఫాంటులో ఒక పంక్తి చేర్చింది: ‘ఇది తెలుగు పత్రిక.’ సుంకప్ప అభ్యంతరం చెప్పలేదు; అక్షరాలు కాస్త చిన్నవి చేయమన్నాడు.